చిలికా లంకల్లో గాలి, మబ్బు చూసి వాన చెప్పడం: మీ పెద్దవాళ్ళ గుర్తులు ఇక్కడ రాయండి

రంభరేవు
అందరికీ నమస్కారం. మాది రంభ, ఒడిశాలో చిలికా సరస్సు ఒడ్డున. లంక ఊళ్ళ నుంచి పీతలు, రొయ్యలు దింపుకొచ్చే వ్యాపారం. రేవులో ఉన్నంతసేపూ ఫోన్లో వాతావరణం చూసుకుంటాం, నడి చిలికాలోకి వెళ్ళాక సిగ్నల్ ఉండదు. ఉన్నా యాప్ ఏం చెబుతుంది? "వాన పడే అవకాశం 40 శాతం" అంటుంది. పడవ తాడు విప్పాలా వద్దా అన్నది 40 శాతంతో తేలదు కదా.
మా పాత పడవవాళ్ళు మాత్రం ఖల్లికోట కొండల వైపు ఒకసారి, నీళ్ళ వైపు ఒకసారి చూసి "పద" అనో "ఉండు" అనో అనేస్తారు. ఎందుకని అడిగితే చెప్పరు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ దగ్గర ఇలాంటి లెక్కలు ఉంటే రాయండి. వాట్సాప్‌లో తిరిగే "వాన వచ్చే పది సూచనలు" వద్దు, అవి మా దగ్గర కూడా ఉన్నాయి.

బరంపురం బాబాయి
మంచి చర్చ పెట్టావు నాయనా. నాకు తెలిసినవి కార్తెల మాటలే. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు", "ఉత్తర చూసి ఎత్తర గంప". మా నాయనమ్మ పంచాంగం విప్పకుండానే ఏ కార్తె ఎప్పుడు దిగుతుందో చెప్పేది. ఇంకోటి, చందమామ చుట్టూ గుడి కడితే "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అనేవారు.
పడవలకి ఇవి ఎంతవరకు పనికొస్తాయో చెప్పలేను. మావి పొలాలు.

ఘాట్‌రోడ్డు
బాబాయి గారూ, కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. అది క్యాలెండరు. ఈ సాయంత్రం వాన పడుతుందా అంటే ఆరుద్ర ఏం చెబుతుంది? నేను కోరాపుట్ కొండల్లో ఉంటాను. ఇక్కడ ఒకే కార్తెలో, ఒకే రోజు, కొండకి ఇటు వాన, అటు ఎండ.
నాకు నమ్మకమున్న గుర్తు ఒక్కటే: సాయంత్రం ఆకాశం ఎర్రబడితే మర్నాడు పొడి, పొద్దున్న ఎర్రబడితే వాన.

కిమిడి మాస్టారు
ఘాట్‌రోడ్డు గారూ, మీరు నమ్మకమున్నదని చెప్పిన ఒక్కటే మన వానాకాలంలో పనిచెయ్యదు. అది యూరపు గుర్తు. అక్కడ వాతావరణం పడమట నుంచి తూర్పుకి కదులుతుంది, కాబట్టి సాయంత్రం పడమర తేటగా ఎర్రగా ఉంటే వచ్చే గాలి పొడిదని అర్థం. మనకి జూన్ నుంచి అక్టోబరు దాకా వాయుగుండాలు బంగాళాఖాతంలో పుట్టి వాయవ్యం వైపు వస్తాయి. పడమర ఎంత శుభ్రంగా ఉంటేనేం, ముంచేది వెనక నుంచి వస్తుంది. పైగా తుపాను ముందు సాయంత్రాలు ఇటుక రంగుకి తిరగడం గోపాలపూర్ వాళ్ళకి అలవాటే, అక్కడ ఎరుపు చూసి ధైర్యం తెచ్చుకోకూడదు.
బాబాయి గారు చెప్పిన గుడి మాట మాత్రం చాలావరకు నిజం. పర్లాకిమిడిలో పిల్లలకి మేడ మీదే చూపిస్తుంటాను. చెయ్యి బార్లా చాచి వేళ్ళు విప్పండి. బొటనవేలి కొన చందమామ మీద పెడితే, చిటికెన వేలి కొన దగ్గర ఆ పెద్ద గుడి గీత తగులుతుంది. అది సుమారు 22 డిగ్రీలు. చాలా ఎత్తులో పల్చగా పరుచుకున్న మబ్బులో మంచు పలుకులు ఉంటాయి, వాటిలోంచి వెలుగు వంగి ఈ వలయం కడుతుంది. ఎప్పుడు కట్టినా అదే కొలత. బంగాళాఖాతంలో గుండం ఉంటే దాని నెత్తి మీద నుంచి చిమ్మిన ఈ పల్చటి మబ్బే వందల కిలోమీటర్లు ముందుగా మన మీదికి వస్తుంది. అందుకే దూరపు గుడికి దగ్గర వాన.
చందమామని అంటిపెట్టుకుని రంగులతో ఉండే చిన్న గుడి వేరు. అది కింది మబ్బులోని నీటి తుంపరల వల్ల. ఆ మబ్బు ఊరికే తేలిపోయేది కావచ్చు. చలికాలంలో పెద్ద గుడి కట్టినా వాన రాని రాత్రులు ఉంటాయి, ఆశ్వయుజంలో కడితే మాత్రం నేను రేడియో పెడతాను.

రంభరేవు
మాస్టారూ, చాలా బాగుంది. ఇప్పుడే బయటికెళ్ళి చెయ్యి చాచి చూశాను, ఇవాళ ఏ గుడీ లేదు 😀
నాకు ఎక్కువ భయం చైత్రం, వైశాఖాల్లో మధ్యాహ్నం దాటాక వచ్చే గాలివాన. తుపాను అంటే నాలుగు రోజుల ముందు చెప్తున్నారు. ఇది అరగంటలో మీద పడుతుంది.

తెప్పలవాడ
గోపాలపూర్ నుంచి. నేను చెబుతుంటే మనవడు టైపు చేస్తున్నాడు.
బాబూ, మాది సముద్రం, మీది చిలికా. రెండింటికీ ఒకే లెక్క పెట్టకు. సముద్రంలో కెరటం చూస్తాం. గాలి లేదు, నీళ్ళు నున్నగా ఉన్నాయి, అయినా ఒడ్డున పెద్ద కెరటం విరుగుతుంది. అదీ గుర్తు. ఇసకలో కూర్చుని లెక్కపెట్టు. మామూలు రోజున ఒకటి విరిగి ఇంకోటి విరగడానికి ఐదు, ఆరు అంకెలు. గుండం ఎక్కడో ఉంటే పన్నెండు, పద్నాలుగు దాకా లెక్క సాగుతుంది. అల నెమ్మదిగా లేస్తుంది, బారుగా వస్తుంది, విరిగినప్పుడు కాళ్ళ కింద ఇసక అదురుతుంది. రాత్రి పక్క మీదుంటే హోరు వేరేగా వినిపిస్తుంది, ఇంట్లో ఆడాళ్ళు కూడా చెప్పేస్తారు.
రెండోది కొండగాలి. తెల్లారగట్ల కొండల మీద నుంచి సముద్రం మీదికి చల్లగా రావాలి. రోజూ వచ్చే కొండగాలి రాలేదు, దానికి బదులు చీకట్లోనే ఈశాన్యం నుంచి తోస్తోంది అంటే పెద్ద గాలి ఏదో చిన్న గాలిని మింగేసిందన్న మాట. ఆ పూట తెప్ప దించం.

కిమిడి మాస్టారు
తెప్పలవాడ తాతగారి లెక్కకి వెనక ఉన్నది ఇదీ: పద్నాలుగు సెకన్లకొకటి వచ్చే కెరటాల శక్తి నడిసముద్రంలో గంటకి దాదాపు 40 కిలోమీటర్లు పరిగెడుతుంది. తుపాను మామూలుగా 15, 20 కిలోమీటర్ల మీదే కదులుతుంది. కబురు మనిషి కంటే ముందే ఊరు చేరుతుంది.

ఘాట్‌రోడ్డు
ఒక సందేహం. ఎండాకాలంలో కూడా గాలి లేకుండా పెద్ద కెరటాలు వచ్చి ఒడ్డు కోసేయడం పేపర్లో చదివాను. అప్పుడు తుపాను ఏదీ లేదు. అంటే ఈ గుర్తు అబద్ధమనేగా?

పొడంపేట ఆడపడుచు
అబద్ధం కాదు, దేని కెరటమో చూడాలి. ఋషికుల్య నది మొగ దగ్గర మా పాత ఊరు ఆ సముద్రమే తినేసింది, ఊరు లోపలికి మార్చుకున్నాం. మాకు కెరటాలు కొత్త కాదు.
వైశాఖంలో వచ్చేవి నేరుగా దక్షిణం నుంచి వస్తాయి, పైన ఆకాశం కడిగినట్టుంటుంది. అవి హిందూ మహాసముద్రం దక్షిణపు కొసన లేచిన గాలులవి, అంత దూరం నుంచి నడిచొస్తాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్రం సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) వాళ్ళు వీటికి ముందే హెచ్చరిక ఇస్తారు. ఆశ్వయుజ, కార్తికాల్లో ఆగ్నేయం నుంచి కెరటం వచ్చి, ఆ వైపు నుంచే పల్చటి దారాల మబ్బులు విచ్చుకుంటూ పైకి పాకితే అది గుండం. కెరటం ఒక్కటీ చూసి చెప్పకూడదు. కెరటం, మబ్బు, గాలి మూడూ ఒకే దిక్కు చూపించాలి.

తెప్పలవాడ
ఆడపడుచు బాగా చెప్పింది. ఏ ఇంటి పిల్లవమ్మా?

పొడంపేట ఆడపడుచు
ఇక్కడొద్దు తాతా 😀 గంగమ్మ పండక్కి వస్తాను, అప్పుడు చెప్తా.

బరంపురం బాబాయి
ఇంతకీ చీమల సంగతి ఎవరూ ఎత్తలేదేం? గుడ్లు మోసుకుని గోడ ఎక్కితే వాన అని చిన్నప్పటి నుంచి వింటున్నాం. తూనీగలు కిందికి ఎగిరితే వాన. తీతువు గట్టు మీద గుడ్లు పెడితే గట్టి వానలు, పల్లంలో పెడితే కరవు.

ఘాట్‌రోడ్డు
బాబాయి గారూ, చీమలు మోసే తెల్లవి చాలావరకు గుడ్లు కావు, పిల్ల పురుగులూ, వాటి పట్టుగూళ్ళూనూ. పుట్టలో చెమ్మ పెరిగితే మారుస్తాయి, ఎండ ఎక్కువైనా మారుస్తాయి. మా వరండాలో రోజూ మారుస్తూనే ఉన్నాయి. ఇక తీతువు గుడ్లు పెట్టేది బోసి నేల మీద, ఎండాకాలంలో. ఎత్తో పల్లమో దానికి దొరికిన చోటు.

బరంపురం బాబాయి
నీకు దేని మీదా నమ్మకం లేదురా అబ్బాయ్.

ఘాట్‌రోడ్డు
కెరటాల లెక్క మీద వచ్చింది బాబాయి గారూ. కారణం చెప్తే నమ్ముతాను.

సోనాపూర్ మొగ
బహుదా మొగ దగ్గర ఉంటాం, అవతలి గట్టు ఆంధ్ర. రంభరేవు తమ్ముడికి గాలివాన గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు, నేను కొన్నేళ్ళు బాలుగావ్ వైపు చిలికాలో పడవ నడిపాను కాబట్టి రాస్తున్నా. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.
వైశాఖంలో మధ్యాహ్నం నుంచి దక్షిణపు గాలి గట్టిగా వీస్తుంది. అది ఎంత గట్టిగా ఉన్నా భయం లేదు, రోజూ ఉండేదే. ఆ గాలి హఠాత్తుగా ఆగిపోయిన రోజు చూసుకో. తెరచాప జారిపోతుంది, ఒళ్ళంతా చెమట, నీళ్ళ మీద దోమలు, ఈగలు. అప్పుడు వెంటనే వాయవ్యం చూడాలి. ఖల్లికోట కొండల నెత్తిన మబ్బు ఊరికే నల్లగా ఉంటే ఇంకా టైము ఉంది. దాని అడుగు చాకుతో కోసినట్టు తిన్నగా గీత కట్టి, ఆ గీత కింద కొండ కనిపించకుండా బూడిదరంగు తెర దిగితే వాన కొండ దిగిపోయిందని. కొండ ఏ ఊరి దగ్గర మాయమైందో గుర్తుపెట్టుకుంటే ఎంత వేగంగా వస్తోందో తెలుస్తుంది. తరవాత కొంగలూ నీటికాకులూ ఒకే దిక్కుకి బారులు తీరతాయి. ఆఖరున చల్లటి గాలి ముఖానికి కొడుతుంది, తడిమట్టి వాసనతో. ఆ వాసన వచ్చాక పరుగెత్తి రేవు చేరదామనుకోకు. చేరలేవు.
చిలికా లోతు చాలా చోట్ల రెండు మీటర్లు దాటదు, మీ రంభ వైపు కొంత ఎక్కువ. లోతు లేని నీళ్ళల్లో అల పొట్టిగా, నిట్టనిలువుగా, వెంటవెంటనే లేస్తుంది. సముద్రంలో అల మీద ఎక్కి దిగొచ్చు, ఇక్కడ మొదటి దాని మీంచి దిగేలోపు రెండోది పడవలోకి వస్తుంది. అందుకని దగ్గరున్న లంక చాటుకి పోవాలి. ఏ చాటు? గాలి వాయవ్యం నుంచి కాబట్టి లంకకి ఆగ్నేయం పక్క. తెలియనివాళ్ళు దగ్గరగా ఉందని ఇటు పక్కే కడతారు, పడవ రాళ్ళకేసి కొట్టుకుంటుంది. లంగరు వేసి ముక్కు గాలికి ఎదురు పెట్టి కూర్చుంటే చాలాసార్లు గంటలో తేలిపోతుంది.
కాళీజాయి కథ అందరికీ తెలిసిందే. అత్తారింటికి వెళ్తున్న పిల్ల, తండ్రితో పడవలో, గాలివానలో పోయింది. ఇప్పటికీ ఆ లంక దాటే పడవవాళ్ళు దండం పెట్టుకునే దాటుతారు.

రంభరేవు
అన్నా, ఇదే కావాల్సింది. మావాళ్ళు కొండ వైపు చూసేది ఆ తెర కోసమన్న మాట! గాలి ఎందుకు ఆగుతుంది మరి?

కిమిడి మాస్టారు
పెద్ద ఉరుముల మబ్బు కింది గాలిని తనలోకి లాక్కుంటుంది. మీ దగ్గర వీచే దక్షిణపు గాలీ, ఆ లాగే గాలీ, మబ్బు నుంచి బయటికి దొర్లే చల్లగాలీ ఒకదాన్నొకటి ఎదుర్కునే చోట కాసేపు స్తబ్దు. చల్లగాలి బరువు కాబట్టి నేలకి ఆనుకుని ముందుకి దూసుకొస్తుంది, సోనాపూర్ వారికి తగిలిన వాసన అదే, వాన అప్పటికే పడిన నేలది.
మా దగ్గర మహేంద్రగిరి 1501 మీటర్లు. సముద్రపు చెమ్మగాలి కొండెక్కి చల్లారితే శిఖరం మీద మబ్బు కూర్చుంటుంది. పొద్దున్నే కూర్చుని పదింటికి లేచిపోతే ఏమీ లేదు. మధ్యాహ్నానికి కిందికి దిగితే గొడుగు.

పొడంపేట ఆడపడుచు
మా అమ్మ ఎండుచేపలు ఆరబెట్టేది. మబ్బు కనబడక ముందే చేపలు ఎత్తేసేది. ఎలాగంటే ఉప్పు చూసి. హుమ్మ మడుల ముతక ఉప్పు, కుండలో అడుగున నీరు ఊరితే ఇక ఆరబెట్టదు. కొట్లో కొన్న ప్యాకెట్ ఉప్పు మీద ఈ లెక్క కుదరదు.

కిమిడి మాస్టారు
ముతక ఉప్పులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, అవి కొద్దిపాటి చెమ్మనే పీల్చేస్తాయి. శుద్ధి చేసిన ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే గానీ కరగదు. తీరం మీద ముతక ఉప్పు ఏడాది పొడుగునా చెమ్మగానే ఉంటుంది కాబట్టి, తడిసిందా లేదా కాదు, నిన్నటి కంటే ఎంత నీరు ఊరిందో చూడాలి. మీ అమ్మగారు అదే చూసి ఉంటారు.

తెప్పలవాడ
మాస్టారూ, ఒకటి అడుగుతాను. మా నాన్న "గాలికి వీపు పెట్టు, ఎడం చేతి వైపు గుండం" అనేవాడు. మీ పుస్తకంలో ఉందా?

కిమిడి మాస్టారు
ఉందండి. బైస్ బాలట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1857లో ప్రకటించిన నియమం అదే. భూమధ్యరేఖకి ఉత్తరాన గాలికి వీపు పెడితే అల్పపీడనం ఎడమ పక్క ఉంటుంది. ఈశాన్యం గాలి వీస్తుంటే మీ ముఖం నైరుతికి, ఎడమ చెయ్యి ఆగ్నేయానికి, అంటే సముద్రంలోకి.
దీంట్లో ఇంకో మెట్టు ఉంది. గాలి ఈశాన్యం నుంచి తూర్పుకి, ఆగ్నేయానికి, దక్షిణానికి తిరిగితే తుపాను కేంద్రం మీకు దక్షిణంగా తీరం దాటుతోంది. ఈశాన్యం నుంచి ఉత్తరానికి, వాయవ్యానికి, పడమరకి తిరిగితే మీకు ఉత్తరంగా పోతోంది. దిక్కు మారకుండా గాలి మాత్రం పెరుగుతూ పోతుంటే, నేరుగా మీ మీదికే.

సోనాపూర్ మొగ
సరిగ్గా సరిపోయింది! తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది కదా, అది మాకు దక్షిణం. రాత్రి ఈశాన్యం గాలి, తెల్లారేసరికి తూర్పు, తరవాత దక్షిణం నుంచి కొట్టింది. మొదటి గాలికి నిలబడ్డ కొబ్బరిచెట్లు కొన్ని ఆ రెండో గాలికి పడ్డాయి. మా ఇంటి రేకులు కూడా దక్షిణం పక్కవే లేచాయి.

రంభరేవు
ఫణి పూరీ దగ్గర దాటింది, 2019 మే 3. అంటే మాకు ఉత్తరంగా. ఆ రోజు మాకు గాలి పడమర నుంచే వచ్చింది, నీళ్ళు రేవు వదిలి లోపలికి పోయాయి. ఇప్పుడు అర్థమైంది.

బరంపురం బాబాయి
నా కార్తెలని తీసిపారేశారు గానీ ఒకటి చూడండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న విశాఖలో. తిత్లీ 2018 అక్టోబరు 11న. మూడూ చిత్త కార్తె దిగీ దిగగానే! 1999 పెద్ద తుపాను అక్టోబరు 29న, అది స్వాతి.

ఘాట్‌రోడ్డు
ఈసారి మీరు గెలిచారు బాబాయి గారూ. నైరుతి వెనక్కి మళ్ళే రోజులు, సముద్రం ఇంకా వేడిగా ఉండే రోజులు. ఎప్పుడు జాగ్రత్తగా ఉండాలో కార్తె చెప్పింది.
అన్నట్టు తిత్లీ అప్పుడు గజపతి కొండల్లో జనం చనిపోయింది గాలికి కాదు. తీరం దాటాక తుపాను ఈశాన్యానికి మళ్ళింది, వాన మీద వాన పడి కొండచరియలు విరిగాయి. కొండ ఊళ్ళవాళ్ళకి గుర్తు గాలి కాదు, వాగు. తేటగా పారే వాగు ఒక్కసారి బురద రంగుకి తిరిగినా, వాన పడుతుండగానే నీరు తగ్గిపోయినా పైన ఏదో విరిగి అడ్డం పడిందని. ఇల్లు వదిలెయ్యాలి.

వేదిక నిర్వాహకులు
చర్చ బాగుంది, ఎవరూ కొట్టుకోనందుకు ధన్యవాదాలు. ఒక మాట మాత్రం పైన పిన్ చేస్తున్నాం. వాతావరణ శాఖ హెచ్చరిక ఇచ్చాక ఈ గుర్తులతో దాన్ని సరిచూసుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు. రేవులో 8, 9, 10 నంబరు ప్రమాద సూచిక ఎగిరితే షెల్టరుకి వెళ్ళడమే. 1999లో ఒడిశాలో దాదాపు పదివేల మంది పోయారు. ఫైలిన్‌కి ముందే లక్షల మందిని కదిలించారు కాబట్టి మృతుల లెక్క పదుల్లో ఆగింది. తుపాను కన్ను మీద నుంచి పోయేటప్పుడు గాలి ఆగుతుంది, "అయిపోయింది" అని బయటికి రావద్దు, రెండో గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది.

తెప్పలవాడ
నిజమే. మేమూ ఇప్పుడు రేడియో విన్నాకే కెరటం చూస్తున్నాం. కాకపోతే ఆ రెండూ వేర్వేరు మాటలు చెప్పిన రోజున, రేడియో బాగుందన్నా, కెరటం బాగాలేకపోతే దిగం. ఒక పూట చేప పోతుంది, అంతేగా.

రంభరేవు
తాతా, కెరటం లెక్కపెట్టడం నాకు నేర్పుతారా? మాకు చిలికాలో ఆ పెద్ద కెరటం రాదు, కానీ గోపాలపూర్ గంట దారేగా.

తెప్పలవాడ
రావోయ్. జూన్ 14 దాకా మరపడవలకి వేట నిషేధం. 15 దాటాక రా, రజ పండక్కి ఎలాగూ మీకు సెలవేగా.

రంభరేవు
ఏ పూట రమ్మంటారు?

తెప్పలవాడ
నాలుగింటికల్లా ఒడ్డున ఉండాలి. వెలుగొచ్చాక వస్తే కొండగాలి ఎల్లిపోద్ది, ఏటి చూపించమంటావు? చెప్పులు వద్దు, కాళ్ళకి ఇసక తెలియాలి.

పొడంపేట ఆడపడుచు
నేనూ వస్తున్నా తాతా. ఏ ఇంటి పిల్లనో అప్పుడే చెప్తాను.